పదిహేడు తప్పు పవర్లు

2001 జూన్ 25, సోమవారం, ఉదయం పదింబావుకు మొదలైంది. ఏలూరు రోడ్డులోని మా ఆఫీసు మూడో అంతస్తులో, స్టీలు టిఫిన్ డబ్బాలో ఇరవై నాలుగు చీట్లు వేసి, మూత పెట్టి ఊపి, ఒక్కొక్కటే తీశాను. పన్నెండింటి మీద 'కొత్త' అని, పన్నెండింటి మీద 'పాత' అని రాసి ఉంది. ఒక్కో చీటీ ఒక్కో మందుల షాపుది. ఏ షాపుకు మా కొత్త స్క్రీన్ వెళ్ళాలో, ఏది పాతదానితోనే ఉండాలో వాటితో తేలుతుంది. పదీ నలభైకి పని అయిపోయింది. రెండు టైములూ పుస్తకంలో రాశాను. నేను తేదీ, టైము రాసుకోకుండా ఏ పనీ చేయను. దాన్ని చాదస్తం అన్నవాళ్ళు తరవాత అదే ఆఫీసులో "ఎప్పుడో జరిగింది, ఎవరు చేశారో గుర్తులేదు" అంటూ ఎలా తప్పుకున్నారో చూశాను.

మా కంపెనీ మందుల షాపులకు సాఫ్ట్‌వేర్ చేసేది. బిల్లు కొట్టడం, సరుకు చూసుకోవడం, ఆర్డరు పెట్టడం అన్నీ అందులోనే. విజయవాడ నుంచి అటు పామర్రు, గుడివాడ దాకా, ఇటు హనుమాన్ జంక్షన్, ఏలూరు దాకా మా షాపులుండేవి. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. ఇరవై ఆరేళ్ళు వరి పరిశోధనా కేంద్రంలో గణాంకాలు చూసినదాన్ని. ఏ మడిలో ఏ విత్తనం వెయ్యాలో చీట్లు తీసి చెప్పడం, కోతలయ్యాక తూకాలు చూసి ఏ విత్తనం నిజంగా మెరుగో, ఏది ఆ ఏడాది వానల పుణ్యమా అని మెరుగనిపించిందో తేల్చడం నా ఉద్యోగం. ముందుగా రిటైర్మెంటు తీసుకుని భవానీపురంలో ఇంట్లో కూర్చున్న ఏడాదికి ఎండీ గారు వెతుక్కుంటూ వచ్చారు. ఆయనది పామర్రు దగ్గర రైతు కుటుంబం. వాళ్ళ నాన్నగారి పొలంలో నేను మూడేళ్ళు సార్వా పంట మీద ప్రయోగాలు నడిపాను. అప్పుడు నిక్కరు వేసుకుని గట్ల మీద తిరిగిన పిల్లవాడు ఈయనే. పేరు రాయను. ఆయన ఇప్పటికీ ఉన్నారు, చాలా గౌరవంగా ఉన్నారు.

ఆ రోజు మా ఇంట్లో ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. "మా కుర్రాళ్ళు చేసిన ప్రతి స్క్రీనూ బ్రహ్మాండం అంటారు మేడం గారు. షాపువాళ్ళేమో తిడతారు. ఏది నిజమో చెప్పేవాళ్ళు నాకు కావాలి," అన్నారు.

నేను రెండు షరతులు పెట్టాను. విత్తనం తయారు చేసినవాడు తూకం దగ్గర నిలబడకూడదు. స్క్రీన్ చేసినవాళ్ళు అది బాగుందో లేదో తేల్చే లెక్కలో వేలు పెట్టకూడదు. ఇది మొదటిది. ప్రయోగం మొదలుపెట్టకముందే, ఏం కొలుస్తామో, ఏ అంకె వస్తే 'వద్దు' అంటామో బైండు పుస్తకంలో రాసి, దాని కింద ఎండీ గారు సంతకం పెట్టాలి. ఇది రెండోది. ఆయన రెండింటికీ ఒప్పుకున్నారు. మొదటి పుస్తకం మొదటి పేజీలో ఆయన సంతకం నా కళ్ళారా చూశాను. అందుకే ఈ కోపం.

ప్రయోగాల విభాగంలో మేం ఐదుగురం. నేను, గణాంకాలు చదివిన ఇద్దరు, ఒక ప్రోగ్రామరు, షాపులకు వెళ్ళి సీడీలు ఎక్కించే ఆయన ఒకరు. గణాంకాలు చదివిన ఇద్దరిలో ఒకమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీ. ఇంటర్వ్యూలో నా మొదటి షరతు చెప్పి, ఎందుకో చెప్పగలవా అని అడిగాను. పుస్తకంలో మాట చెబుతుందనుకున్నాను.

"బోల్టు బిగించినోడు బండి తోలి చూడడు మేడం. మా నాన్న షెడ్డులో వేరేవాళ్ళు తోలుతారు. బిగించినోడికి చప్పుడు వినపడదంట," అంది.

మరో ప్రశ్న అడగలేదు. ఆ సాయంత్రమే ఉద్యోగపు ఆర్డరు టైపు చేయించాను.

మొదటి ప్రయోగంలో నేనే తప్పు చేశాను. అదీ రాయాలి. గడువు దాటబోయే మందుల పట్టీని ఉదయం కంప్యూటరు ఆన్ చేయగానే చూపించే స్క్రీన్ అది. 'కొత్త' చీటీ వచ్చిన పన్నెండు షాపుల్లో వారం తిరిగేసరికి నాలుగింటిలోనే ఎక్కింది. మిగిలిన ఎనిమిది మందీ మా సీడీల ఆయన్ని మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, వెనక్కి పంపారు. ఆషాఢంలో కొత్తది మొదలుపెట్టరట. శ్రావణం రానీయండి అన్నారు. నేను చీట్లు తీసింది ఆషాఢ శుద్ధ చవితి నాడు. ఇంట్లో పంచాంగం గోడకు వేలాడుతూనే ఉంది. వరి మడి ఆషాఢం అనదు. అందుకని ఇరవై ఆరేళ్ళలో నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఎక్కించుకున్న నలుగురిలో ఇద్దరు వన్‌టౌన్‌లో ముస్లిం షాపులవాళ్ళు, ఒకరు క్రైస్తవులు, ఒకరు పట్టింపులు లేని డాక్టరు గారు. ఆ నాలుగింటినే పట్టుకుని పాత షాపులతో పోల్చేయమని పైనుంచి కబురు వచ్చింది. కుదరదన్నాను. వెనక్కి తగ్గిన ఎనిమిది మందీ ఎందుకు తగ్గారో అదే లెక్కను చెడగొడుతుంది, పట్టింపులున్నవాళ్ళంతా ఒకవైపు నుంచే తప్పుకున్నట్టవుతుంది. ఆషాఢం వెళ్ళేదాకా ఆగాం. ఆ ఆగిన రోజుల్లో అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. పాత స్క్రీన్ ఉండే షాపులకు కూడా అదే రోజు వెళ్ళి, వాళ్ళ పాత ప్రోగ్రామునే తీసి మళ్ళీ ఎక్కిద్దాం, అప్పుడు అందరికీ కొత్త పనే అవుతుంది, అందరిదీ ఒకే ముహూర్తం అవుతుంది అంది. ముందే ఎక్కించుకున్న నలుగురికీ మళ్ళీ ఎక్కిస్తూ, జూలై 23 నుంచి చేశాం. రోజుకు ఎనిమిది షాపులు, సోమ, బుధ, గురువారాలు. మంగళవారం వద్దని ఆరుగురు చెప్పారు కాబట్టి మంగళవారం వదిలేశాం. ఇరవై నాలుగు కంప్యూటర్లకూ పసుపు, కుంకుమ, లేకపోతే మల్లెదండ పడ్డాయి. పామర్రు షాపాయన పాత ప్రోగ్రామే మళ్ళీ ఎక్కించుకుని, ఇప్పుడు భలే వేగంగా ఉందండీ అని ఫోన్ చేశాడు. అది కూడా పుస్తకంలో రాశాను. కొత్తదనే మోజుకు ఎంత బలమో తెలియాలి కదా.

2003 మార్చి ఆఖరుకు పదకొండు ప్రయోగాలు పూర్తిచేశాం. మూడింటికి సరే అన్నాం. ఏడింటికి వద్దన్నాం. ఒకటి తేలలేదు. ఆ ఏడే మా మెడకు చుట్టుకున్నాయి. ఏడు స్క్రీన్లంటే ఏడుగురి నెలల కష్టం. మమ్మల్ని 'వద్దు డిపార్టుమెంటు' అనేవారు. మా గదికి వెళ్ళిన స్క్రీన్‌కి సంచయనం చేసి పంపిస్తారని క్యాంటీన్‌లో ఒకతను నేను వెనక ఉన్నానని తెలిసే అన్నాడు. దానికి నేను నవ్వాను కూడా. అతని స్క్రీన్ నిజంగానే చచ్చింది మరి.

వాళ్ళ ఫిర్యాదులో నిజం ఉన్న ముక్క ఒకటుంది. మార్చిలో మా బల్ల మీద నాలుగు స్క్రీన్లు వంతు కోసం ఉన్నాయి. అన్నిటికంటే పాతది వచ్చి ముప్పై ఏడు రోజులైంది. ఐదుగురం చేయగలిగింది అంతే. ఆ జనవరిలో హైదరాబాదు నుంచి వచ్చిన బిల్లింగ్ హెడ్ దీన్ని పట్టుకున్నాడు. తెలివైనవాడు. మధ్యలో ఒక గదిలో కూర్చుని అందరికీ తీర్పులిచ్చే పద్ధతి పోవాలని, బిల్లింగుకు, సరుకుకు, ఆర్డర్లకు ఎవరి ప్రయోగం చేసేవాళ్ళు వాళ్ళకే ఉండాలని, అప్పుడు పని వేగంగా సాగుతుందని ఎండీ గారికి బొమ్మలు గీసి చూపించాడు. పక్కన కూర్చుంటే పని వేగమవుతుందన్న మాట నేనూ ఒప్పుకున్నాను. ఒక పేజీలో నా మాట రాసిచ్చాను. మనుషులు వాళ్ళ గదుల్లోనే కూర్చోనీయండి, వాళ్ళతోనే పనిచేయనీయండి. కానీ పుస్తకం, 'వద్దు' అనే అంకె, జీతం పెంపు, సెలవు నా దగ్గర ఉండనీయండి. సెలవు ఎవరు ఇస్తారో వాళ్ళ మొహం చూసి లెక్కలు రాసే రోజు వస్తుంది, అని. ఆ పేజీ ఎండీ గారి పేపర్‌వెయిట్ కింద పద్దెనిమిది రోజులుంది. వెళ్ళినప్పుడల్లా చూశాను. దాని మీద దుమ్ము కూడా కదల్లేదు.

ఏప్రిల్ 7న ఆర్డరు వచ్చింది. అమ్మాయి బిల్లింగ్ హెడ్ కిందికి. రెండో అతను సరుకు విభాగానికి, ప్రోగ్రామరు ఆర్డర్ల విభాగానికి. సీడీల ఆయన సర్వీసులోకి. నన్ను 'సలహాదారు' చేసి, తలుపు మీద బోర్డు రాయించారు. ఐదుగురి గదిలో ఒక్కదాన్నే. అడిగితే సలహా ఇవ్వాలి. నాలుగు నెలల్లో ముగ్గురు హెడ్‌లూ కలిసి నన్ను అడిగింది రెండుసార్లు. ఒకసారి ఏసీ మెకానిక్కు నంబరు కోసం.

అమ్మాయి మాత్రం మధ్యాహ్నం డబ్బా పట్టుకుని నా గదికే వచ్చేది. పుస్తకం మానలేదు. కొత్త హెడ్ పుస్తకం ఎందుకు, కంప్యూటర్లో పెట్టమన్నాడట. రెండుచోట్లా పెట్టింది.

ఆ ఆగస్టు 18న బిల్లింగువాళ్ళ 'క్విక్ స్క్రీన్' ప్రయోగం మొదలైంది. ఆ స్క్రీన్ ఏమిటో చెప్పాలి. డాక్టరు మాత్ర రాసినప్పుడు దాని పవర్ కూడా రాస్తాడు. రెండున్నర, ఐదు, పది, ఇలా. పాత స్క్రీన్‌లో సేల్స్‌మన్ మందు పేరు కొడితే పవర్లన్నీ వరసగా వచ్చేవి, కావలసింది ఎంచుకోవాలి. కొత్త దాంట్లో ఆ షాపులో ఎక్కువగా అమ్ముడయ్యే పవర్‌ను ముందే ఎంచి పెట్టి ఉంటుంది. ఎంటర్ కొడితే చాలు. తక్కువ పవర్ రాసిన ముసలివాళ్ళకు, పిల్లలకు కూడా ఎంటర్ కొడితే ఎక్కువ పవరే బిల్లవుతుంది, ర్యాక్‌లోంచి అదే చేతికొస్తుంది. అమ్మాయి ఆ సంగతి మొదటి రోజే పట్టుకుంది. పుస్తకంలో రెండు కొలతలు రాసింది. ఒక్కో మందుకు పట్టే సెకన్లు ఒకటి, ప్రిస్క్రిప్షన్‌లో ఉన్న పవర్ బిల్లులో తప్పడం రెండోది. కొత్త షాపుల్లో తప్పులు పాత షాపుల కంటే రెట్టింపైతే ఆపేయాలని రాసింది. ఎండీ గారు సంతకం పెట్టారు. చదివి పెట్టారో లేదో నాకు తెలియదు.

షాపుల ఎంపిక మాత్రం ఆమె చేతిలో లేకుండా పోయింది. చీట్లు తీస్తానంటే హెడ్ ఒప్పుకోలేదు. పది షాపులు తానే ఎంచాడు. అన్నీ బందరు రోడ్డు మీద, బీసెంట్ రోడ్డు మీద పెద్ద షాపులు. పెద్దవాళ్ళకు కొత్తది ముందు ఇవ్వకుండా ఎవరికో చీటీ తగిలిందని ఇస్తే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని, మన బెజవాడలో వ్యాపారం మర్యాద మీద నడుస్తుందని చెప్పాడట. హైదరాబాదు నుంచి వచ్చి ఏడు నెలలకే మన మర్యాద అంత బాగా నేర్చుకున్నాడు. పాత స్క్రీన్ కోసం అమ్మాయి తనకు వీలైన పది షాపులు ఎంచుకుంది.

నాలుగు వారాలు ఆ అమ్మాయి షాపుల్లో స్టూలు వేసుకుని కూర్చుంది. రెండు వైపులా ఆరు వందల చొప్పున ప్రిస్క్రిప్షన్లు చేత్తో రాసుకుని, సాయంత్రం బిల్లులతో పోల్చింది. తప్పు కనబడితే షాపాయనకు అప్పుడే చెప్పి మాత్రలు మార్పించేది. సెప్టెంబరు 15న లెక్క తేలింది. ఒక్కో మందుకు పాత స్క్రీన్‌లో పంతొమ్మిది సెకన్లు, కొత్త దాంట్లో పదకొండు. పవర్ తప్పినవి పాత స్క్రీన్‌లో ఆరు వందలకు నాలుగు. కొత్త దాంట్లో పదిహేడు. ఆపేయాల్సిన అంకె ఎనిమిది.

సెప్టెంబరు 19, శుక్రవారం, పదకొండు గంటలకు మీటింగు. నన్నూ పిలిచారు. హెడ్ సెకన్ల బొమ్మ ఒక్కటే చూపించాడు. అమ్మాయి లేచి, రెండో పేజీ కూడా ఉంది సార్ అంది. అది సేల్స్‌మెన్ అజాగ్రత్త, స్క్రీన్‌ది కాదు అన్నాడు. అయితే పాత షాపుల్లో సేల్స్‌మెన్‌కి అజాగ్రత్త ఎందుకు లేదు సార్ అని అడిగింది. పదిహేడు, నాలుగు అని ఆమే బోర్డు మీద రాసింది.

ఎండీ గారు నా వైపు తిరిగారు. "మేడం గారు, మీరు చెప్పండి. ఈ లెక్క నిలబడుద్దా?"

ఇప్పటికీ ఆ ప్రశ్న నాకు అక్షరం తేడా లేకుండా గుర్తుంది. నా జవాబు కూడా. "షాపుల్ని చీట్లు తీసి ఎంచలేదు. అలా ఎంచని లెక్క మీద పూర్తిగా నిలబడలేం. మళ్ళీ సరిగ్గా చేయాలి. ఐదు వారాలు పడుతుంది," అన్నాను.

నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఇరవై ఆరేళ్ళ అలవాటుకొద్దీ అడిగిన ప్రశ్నకు అడిగినంతే జవాబు చెప్పాను. ఐదు వారాలంటే దసరా దాటిపోతుంది. విజయదశమికి విడుదల అని అప్పటికే కార్డులు అచ్చయ్యాయి. ఎండీ గారు పెన్ను మూత పెట్టి, మేడం గారే నిలబడదన్నారు కాబట్టి ఈ తప్పుల లెక్క పక్కన పెడదామన్నారు. సెకన్ల లెక్క కూడా అవే షాపుల్లో తీసిందే. దాన్ని మాత్రం ఎవరూ పక్కన పెట్టలేదు. మీటింగు కాగితంలో నా వాక్యాన్ని నా పేరుతో రాసుకున్నారు. అమ్మాయి నా వైపు ఒక్కసారే చూసింది. కోపంగా చూసి ఉంటే నయం. తను ఏదో పొరపాటు చేసినట్టు చూసింది.

మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు దగ్గర నాకు వెలిగింది. హెడ్ ఎంచుకున్నవి పెద్ద షాపులు. వాటిలో చదువుకున్న ఫార్మసిస్టులుంటారు, పదేళ్ళ అనుభవమున్న సేల్స్‌మెన్ ఉంటారు. అలాంటిచోటే పదిహేడు తప్పులొస్తే, పల్లెల పక్క చిన్న షాపుల్లో ఇంకెన్ని వస్తాయి? చీట్లు తీయకపోవడం వల్ల లెక్క వంగిందంటే, స్క్రీన్‌కి అనుకూలంగానే వంగింది. ఆ మాట గదిలో చెప్పాలి. వెనక్కి ఎక్కాను. ఎండీ గారు బయటికి వెళ్ళిపోయారు. సోమవారం రెండు పేజీల నోటు రాసి ఇచ్చాను. అందినట్టు స్లిప్పు ఇచ్చారు. ఆ స్లిప్పు నా దగ్గర ఉంది. జవాబు మాత్రం రాలేదు.

అక్టోబరు 5, విజయదశమి నాడు మూడు వందల ఎనభై షాపులకు క్విక్ స్క్రీన్ విడుదల చేశారు. కొబ్బరికాయ కొట్టారు. ఎక్కించడం వరసగా ఆ నెలంతా సాగింది. హనుమాన్ జంక్షన్ షాపుకు 16న ఎక్కింది.

ఆ షాపాయన మా మొదటి ప్రయోగం నాటి మనిషి. శ్రావణం దాకా ఆగినవాళ్ళలో ఒకాయన. నవంబరు 12న నా ఇంటికి ఫోను చేశాడు, ఆఫీసుకు కాదు. మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. చిన్న షాపు. పక్కనే డాక్టరు గారి క్లినిక్కు. సాయంత్రం డాక్టరు చూసిన వాళ్ళంతా ఒక్కసారిగా కౌంటరు మీద పడతారు. ఆయన డ్రాయరులోంచి ప్రిస్క్రిప్షన్, బిల్లు తీసి నా ముందు పెట్టాడు. పక్క ఊరి ముసలమ్మ. డెబ్బై ఒక్కేళ్ళు. డాక్టరు షుగరు మాత్ర రెండున్నర పవర్ రాశాడు. బిల్లులో ఐదు ఉంది. సేల్స్‌మన్ ఎంటర్ కొట్టాడు. రెండు రోజులు రెట్టింపు మందు వేసుకుని, 11వ తేదీ పొద్దున్నే షుగరు పడిపోయి, పెరట్లో కూలిపోయి, తుంటి విరగ్గొట్టుకుంది. ఏలూరు ఆసుపత్రిలో ఉంది.

"మీ కంప్యూటరుకి అంత తొందరేంటండీ? నేనేమన్నా జనతా రైలెక్కాలా? ఆ ముసలమ్మ మా షాపుకి ఇరవై ఏళ్ళ నుంచి వస్తంది. చదువు రాదు. నేనిచ్చిందే దేవుడిచ్చినట్టు మింగుద్ది," అన్నాడు.

పవర్ ప్రతిసారీ కళ్ళతో చూసి కొట్టమన్నాను. సేల్స్‌మన్ మూలన నిలబడి ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఆ రెండు రోజుల్లో అతను అన్నం తినలేదని షాపాయన చెప్పాడు. నేను ఆ రెండు కాగితాలకూ జిరాక్సు తీయించుకుని, మర్నాడు పదిన్నరకు ఎండీ గారి బల్ల మీద పెట్టాను. ఈ స్క్రీన్ ఇవాళే ఆపండన్నాను. చూద్దామన్నారు.

ఏం చూశారో పది రోజుల్లో తెలిసింది. షాపాయనకు కంపెనీ నుంచి ఉత్తరం వెళ్ళింది. ఈ స్క్రీన్‌ను ప్రయోగాలు చేసేవారు నాలుగు వారాలు పరీక్షించారని, వారి పరీక్షలో లోపం జరిగినట్టు గుర్తించామని, తగిన చర్య తీసుకుంటున్నామని అందులో ఉంది. లోపం ఏమిటంటే షాపుల్ని చీట్లు తీసి ఎంచకపోవడం. ఆధారం, మీటింగు కాగితంలో నా వాక్యం. పది షాపులూ ఎంచిన మనిషి పేరు ఎక్కడా లేదు.

దానికి ముందు హెడ్ ఆ అమ్మాయిని పిలిచి, పుస్తకంలో పదిహేడు తప్పుల పేజీ తీసేసి వేరే రాసివ్వమన్నాడట. రాయనంది. పుస్తకం ఇచ్చెయ్యమంటే, కంపెనీ సొత్తు కాబట్టి ఇచ్చేసింది. నవంబరు 24, సోమవారం, మధ్యాహ్నం రెండుంబావుకు ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఆమెకు కాగితం ఇచ్చారు. రంజాన్ ఉపవాసాల్లో ఉంది. పండక్కి ఇంకా రెండే రోజులు. నా గదికి వచ్చి కుర్చీలో కూర్చుంది. మంచినీళ్ళు ఇవ్వబోయి గ్లాసు వెనక్కి పెట్టాను.

కాగితం చదివాను. నా వాక్యం అందులోనూ ఉంది.

"ఈ మాట మీదేనా మేడం?" అంది.

"నాదే," అన్నాను.

"నిజమే కదా మేడం. చీట్లు తీయలేదు కదా."

ఆ మాట అని ఆమె నన్ను వదిలిపెట్టేసింది. నన్ను నేను వదిలిపెట్టలేదు.

లేచి ఎండీ గారి గదికి వెళ్ళాను. తలుపు తట్టలేదు. ఆ కాగితం మీద పేరు మార్చండి, పది షాపులు ఎంచిన మనిషి పేరు రాయండి, లేకపోతే వాక్యం నాది కాబట్టి నా పేరు రాయండి అన్నాను. ఆయన కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"మేడం గారు, మీరంటే నాకు మా నాన్న తరవాత అంత గౌరవం. హెడ్‌ని తీసేస్తే బిల్లింగు ఆగిపోద్ది. మిమ్మల్ని తీసేస్తే నలుగురూ నన్నంటారు. ఆ పిల్లకి చిన్న వయసు, ఇంకో ఉద్యోగం దొరుకుద్ది," అన్నారు.

"మీ నాన్నగారి పొలంలో మూడో ఏడు ఆయన మెచ్చిన విత్తనం ఓడిపోయింది. తూకం కాగితం చించమని ఆయన నన్ను అడగలేదు," అన్నాను.

ఫోను మోగింది, తీసుకున్నారు. నేను గదికి వచ్చి రాజీనామా రాశాను. సాయంత్రం నాలుగూ యాభైకి ఇచ్చి స్లిప్పు తీసుకున్నాను. నా రాజీనామా వల్ల ఆ కాగితంలో ఒక్క అక్షరం మారలేదు.

ఆ అమ్మాయి కోసం నేను ఐదు చోట్లకు ఉత్తరాలు రాశాను. పిలిచిన ఇద్దరూ పాత కంపెనీకి ఫోను చేసి కనుక్కున్నారు. పరీక్షలో లోపం చేసిన మనిషి అని అక్కడివాళ్ళు చెప్పారు. ఆ తరవాత ఆమె పటమటలో ఒక ట్యుటోరియల్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పింది. బాగా చెప్పేదని విన్నాను. ప్రయోగాల పని మళ్ళీ చేయలేదు. ఆమెలాంటి చెయ్యి నేను ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలోనూ చూడలేదు. ఈ మాట ఆమెకు ఆ రోజుల్లోనే చెప్పి ఉండాల్సింది. పొగడటం నాకు అలవాటు లేదు.

2004 జనవరి 19న పవర్ ముందే ఎంచి పెట్టడం తీసేశారు. 'చిన్న సవరణ' అని ఒక సీడీ వచ్చిందట. సీడీల ఆయన సర్వీసులోంచి నాకు ఫోను చేసి చెప్పాడు. పదిహేడు సంగతి ఎవరూ ఎత్తలేదట.

పోయినవి రాస్తున్నాను. ఐదుగురి విభాగం. పదమూడు బైండు పుస్తకాలు, వాటిలో పన్నెండు పాత పేపర్లవాడికి తూకానికి వెళ్ళాయి, ఒకటి ఎండీ గారి గదిలోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఒక సేల్స్‌మన్ కొలువు, డిసెంబరులో మానేశాడు. ఒక అమ్మాయి ఉద్యోగం, ఆమె పేరు మీద నమ్మకం. ఒక ముసలమ్మ నడక, ఆమె 2006లో మంచంలోనే పోయింది. నా రెండేళ్ళ ఐదు నెలల పని. విజయదశమి నుంచి జనవరి 19 దాకా నూట ఆరు రోజులు. ఆ నూట ఆరు రోజుల్లో మూడు వందల ఎనభై షాపుల నుంచి ఎన్ని తప్పు పవర్లు ఎవరెవరి ఇళ్ళకు వెళ్ళాయో రాయడానికి నా దగ్గర అంకె లేదు. లెక్కపెట్టేవాళ్ళను అప్పటికే తీసేశారు.